పడవ దిగని ఐదోవాడు

పిల్లల పుస్తకాల పేజీలు నడిపే సంపాదకులకు, ఆ పేజీల్లో సాహస నవలల మీద సమీక్షలు రాసే మిత్రులకు,

నమస్కారం. ఈ ఉత్తరం రాస్తున్నది బయటి మనిషి కాదు. మీ పంక్తిలోనే కూర్చుని, మీరు వాడే మాటలే వాడి, ఏళ్ల తరబడి పిల్లల నవలలకు సమీక్షలు రాసినదాన్ని. ఇందులో ఎక్కడైనా మాట కటువుగా తగిలితే ఆ దెబ్బలో సగం నాకే అనుకోండి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. కొన్నేళ్ల కిందట, నది మీద కొందరు పిల్లలు చేసిన ప్రయాణం గురించిన నవల ఒకటి నా దగ్గరికి సమీక్షకు వచ్చింది. "ఆద్యంతం ఉత్కంఠభరితం" అన్నాను. "నదిని కళ్లకు కట్టించారు" అన్నాను. "స్నేహం విలువను చాటిచెప్పే నవల" అని ముగించాను. అచ్చయింది. రచయిత ఫోన్ చేసి సంతోషం వెలిబుచ్చారు. ఆ వారమే మా మేనకోడలు ఆ పుస్తకం చదివింది. దానికప్పుడు పదకొండేళ్లు. చదివేసి, పేజీలో వేలు పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "అత్తా, ఏడో అధ్యాయంలో తెడ్లు రెండూ కొట్టుకుపోయాయి కదా. మరి తొమ్మిదో అధ్యాయంలో వీళ్లు ఏటికి ఎదురు ఎట్లా వచ్చారు?"

పుస్తకం తీసుకుని తిరగేశాను. నిజమే. తెడ్లు పోయాయి. మళ్లీ దొరికినట్టు ఎక్కడా లేదు. కొమ్మ విరిచి తెడ్డు చేసుకున్నట్టూ లేదు. "నువ్వసలు ఇది చదివావా?" అని అడిగింది. చదివాను, రెండుసార్లు చదివాను. చదవలేదని అబద్ధం చెప్పి తప్పించుకుంటే పరువు దక్కేదేమో అని ఆ క్షణాన అనిపించింది.

చదివి కూడా ఎందుకు చూడలేదు? నేను వెతుకుతున్నది తెడ్ల కోసం కాదు కనుక. నేను నీతి కోసం వెతుకుతున్నాను. భాష సులువుగా ఉందా, బూతు లేదు కదా, పెద్దలను ఎదిరించే పిల్లలు చివరికి క్షమాపణ చెప్పారా, స్నేహమో ధైర్యమో దేశభక్తో ఏదో ఒకటి చివరి పేజీలో దొరుకుతుందా అని జల్లెడ పడుతున్నాను. మా మేనకోడలు మాత్రం పడవలో కూర్చుని ఉంది. తెడ్డు లేకపోతే ఏమవుతుందో దానికి కావాలి.

ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది అదే. సాహస నవలలో సమీక్షించవలసింది మొదట ఆపదను. ఆ ఆపద నిజంగా ఆపదేనా, అది ఎట్లా మొదలైంది, ఎట్లా ముదిరింది, అందులోంచి పిల్లలు తమ బుద్ధితో గట్టెక్కారా, లేక రచయిత చెయ్యి అందించి లాగేశాడా? ఇవి చెప్పకుండా మిగతావన్నీ చెప్పడమంటే పెళ్లికి వెళ్లి పందిరి గురించి మాత్రమే మాట్లాడి రావడం.

ఇదేమీ కొత్త కోరిక కాదు. 1719లో రాబిన్సన్ క్రూసో వచ్చింది. ఓడ పగిలి దీవిలో చిక్కుకున్న క్రూసో ఆ ఓడ దగ్గరికి ఈదడానికి బట్టలు విప్పేస్తాడు. ఓడ ఎక్కాక బిస్కెట్లతో జేబులు నింపుకుంటాడు. ఏ జేబులు? పాఠకులు ఊరుకోలేదు. అదే ఏడాది చార్లెస్ గిల్డన్ అనే ఆయన ఆ పుస్తకాన్ని వెక్కిరిస్తూ ఒక చిన్న పుస్తకం వేసి అందులో ఈ జేబుల సంగతీ ఎత్తాడు. గిల్డన్ మంచి మనసుతో రాశాడని నేననను, అక్కసు చాలానే ఉంది. కానీ జేబుల దగ్గర ఆగాడు చూడండి, అది సమీక్షకుడి కన్ను. మూడు వందల ఏళ్ల తర్వాత మనం "మానవుడి అచంచల సంకల్పం" దగ్గర ఆగుతున్నాం.

ఆపదలో వస్తువుకు ఎంత విలువ ఉంటుందో రచయితలకు తెలియక కాదు. 1857లో వచ్చిన ది కోరల్ ఐలాండ్‌లో బాలంటైన్ ఎన్నడూ చూడని పసిఫిక్ దీవి గురించి రాశాడు, కొబ్బరి చిప్ప మందం దగ్గర తప్పులో కాలేశాడు. ఆ తప్పు ఆయన్ను ఎంతగా గుచ్చిందంటే, ఆ తర్వాత ఏది రాయాలన్నా వెళ్లి చూసి రావాలని నియమం పెట్టుకున్నాడు. లైట్‌హౌస్ మీద నవల రాసేటప్పుడు సముద్రం మధ్య బెల్ రాక్ దీపస్తంభంలో కాపలాదారులతో కలిసి ఉండి వచ్చాడు. ఒక్క కొబ్బరికాయ చేసిన పని అది. మన సమీక్షల్లో ఏ ఒక్కటైనా ఏ రచయితనైనా ఇల్లు కదిలించిందా?

నిప్పు సంగతి చూడండి. దీవిలో చిక్కుకున్న ప్రతి కథలోనూ నిప్పు రాజేయాలి. 1954లో విలియం గోల్డింగ్ రాసిన లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్‌లో పిగ్గీ అనే కుర్రాడి కళ్లద్దాలతో సూర్యకిరణాలు పట్టి నిప్పు చేస్తారు. కథంతా ఆ కళ్లద్దాల చుట్టూ తిరుగుతుంది, వాటి కోసం దెబ్బలాటలు జరుగుతాయి. అయితే పిగ్గీకి దూరంవి కనిపించవు. అటువంటి వాళ్లు పెట్టుకునేది పుటాకార కటకం. అది కిరణాలను ఒకచోట చేర్చదు, విడదీస్తుంది. దాంతో ఎండలో గంటలు కూర్చున్నా గడ్డిపరక అంటుకోదు. హైస్కూలు పిల్లలు కటకాల పాఠం చదివిన వారంలో ఈ పుస్తకం చేతికిస్తే ఈ మాట వాళ్లే చెప్తారు. దానికి ఎనభై ఏళ్ల ముందే జూల్ వెర్న్ ది మిస్టీరియస్ ఐలాండ్‌లో ఇదే చిక్కును వేరే దారిలో విప్పాడు. ఇంజినీరు రెండు జేబు గడియారాల అద్దాలు ఊడదీసి, బోర్లించి కలిపి, అంచులకు బంకమట్టి మెత్తి, మధ్యలో నీళ్లు నింపుతాడు. ఉబ్బెత్తు కటకం తయారవుతుంది. నిప్పు వస్తుంది. చదివిన పిల్లవాడు పుస్తకం మూసి గడియారాల వంక చూస్తాడు. (ఇంట్లో గడియారాలు ఉంటే జాగ్రత్త. నేను ఒకటి పోగొట్టుకున్నాను.)

తప్పు దొరికితే పుస్తకం చచ్చిపోయినట్టేనా అంటే, కాదు. గోల్డింగ్ నవల గొప్పతనం కటకంలో లేదు. 1812 నాటి స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్‌లో ఒకే దీవి మీద పెంగ్విన్లు, కంగారూలు, కోతులు కాపురం చేస్తుంటాయి. భూగోళంలో అటువంటి దీవి లేదు, ఉండదు. అయినా రెండు వందల ఏళ్లుగా పిల్లలు ఆ చెట్టు మీది ఇంట్లోకి ఎక్కుతూనే ఉన్నారు. సమీక్షకుడు చేయవలసింది తప్పు పట్టి పుస్తకాన్ని అవతల పారేయడం కాదు. ఈ పుస్తకంలో దేని బరువు దేని మీద ఆనుకుని ఉందో చెప్పడం. జంతువులు అలంకారమైతే పెంగ్విన్‌ను క్షమించవచ్చు. ప్రాణం తెడ్డు మీద ఆధారపడి ఉంటే తెడ్డును క్షమించకూడదు.

గట్టెక్కడం ఎట్లా ఉండాలి అన్నదానికి నాకు తెలిసిన మంచి నమూనా గ్యారీ పాల్సెన్ రాసిన హ్యాచెట్. ఎక్కిన విమానం కూలి పదమూడేళ్ల బ్రయన్ ఒక్కడే అడవిలో పడిపోతాడు, చేతిలో చిన్న గొడ్డలి తప్ప ఏమీ లేదు. నిప్పు చేయడానికి అతను పడే పాట్లు చూడండి. గొడ్డలి రాతికి తగిలి నిప్పురవ్వలు రాలుతాయని అనుకోకుండా తెలుస్తుంది. ఎండుగడ్డి పెడతాడు, అంటుకోదు. జేబులోని ఇరవై డాలర్ల నోటు చింపి పెడతాడు, అదీ అంటుకోదు. బిర్చ్ చెట్టు బెరడును దారాల్లా చీల్చి పెడతాడు. రవ్వ పడుతుంది, ఆరిపోతుంది. గాలి కావాలని అప్పుడు తడుతుంది, ఊదుతాడు. పదే పదే ఓడి చివరికి గెలుస్తాడు. ఓడిన ప్రతిసారీ ఒక సంగతి తెలుసుకుంటాడు. చదివేవాడూ తెలుసుకుంటాడు. "ఉత్కంఠ" అన్న మాట మనం ఎంత తేలిగ్గా వాడేస్తాం! ఉత్కంఠ అంటే ఇది. పులి గాండ్రించడం ఒక్కటే కాదు.

ఇంకో మాట కూడా ఆ పుస్తకం గురించే. చివర్లో బ్రయన్‌ను కాపాడేది ఒక విమానం. మునిగిన విమానంలోంచి తెచ్చుకున్న సంచిలో ఒక అత్యవసర ట్రాన్స్‌మిటర్ ఉంటే, అది పనిచేస్తోందని తెలియకుండానే అతను మీట నొక్కుతాడు. అంటే అదృష్టమే. అయితే ఆ సంచి కోసం తెప్ప కట్టాడు, విమానం రేకు చీల్చాడు, చేజారి సరస్సులో పడిన గొడ్డలి కోసం అడుక్కి మునిగాడు. అదృష్టానికి ముందే మూల్యం చెల్లించేశాడు. ఇదే ముగింపు రెండో రోజు సాయంత్రం వచ్చి ఉంటే మనం పుస్తకం విసిరికొట్టేవాళ్లం. రక్షణ ఎక్కడినుంచి వచ్చిందన్నది ఒక్కటే కాదు, దానికి ముందు ఎంత కష్టం జమ అయి ఉందన్నది సమీక్షలో రావాలి. (ముగింపు చెప్పేశానని కోపగించకండి. ఈ సంగతికి తర్వాత వస్తాను.)

పట్టణం మధ్యలో జరిగే సాహసానికైతే ఎరిక్ కెస్ట్నర్ 1929లో రాసిన ఎమిల్ అండ్ ది డిటెక్టివ్స్ ఉంది. అమ్మమ్మ ఇంటికి రైల్లో బెర్లిన్ వెళ్తున్న కుర్రాడు, డబ్బు పోతుందన్న భయంతో నోట్లను కోటు లోపల గుండుసూదితో గుచ్చి పెట్టుకుంటాడు. డబ్బు పోనే పోతుంది. దొంగను పట్టుకున్నాక ఆ నోట్లు తనవేనని రుజువు చేసేది ఆ సూది పొడిచిన బొక్కలే. మొదట్లో పిల్లవాడి చాదస్తంలా కనిపించిన సూది చివర్లో సాక్షి అయింది. రచయిత మనల్ని మోసం చేయలేదు, మన కళ్లముందే పెట్టాడు. అటువంటి సూది ఉన్న పుస్తకాన్ని "సరదాగా సాగిపోయే నవల" అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే రచయితకు జరిగే అన్యాయం సంగతి సరే, తర్వాతి రచయిత సూది పెట్టడం ఎందుకనుకుంటాడు. పెట్టినా ఎవరూ చూడరు కదా.

సంపాదకులు ఒక మాట అంటారని నాకు తెలుసు. పుస్తకం కొనేది అమ్మానాన్నలు, సమీక్ష చదివేదీ వాళ్లే, వాళ్లకు కావలసింది పిల్లలకు మంచిదా కాదా అన్నదే అని. ఒప్పుకుంటాను. కానీ ఆ "మంచిదా" అన్న ప్రశ్న ఎన్నిసార్లు బోల్తా పడిందో చూడండి. 1885లో అమెరికాలో కాంకర్డ్ ఊరి గ్రంథాలయ పెద్దలు మార్క్ ట్వైన్ నవల హకిల్‌బెరీ ఫిన్‌ను మోటు పుస్తకమని, పనికిరాదని బయటికి పంపేశారు. ఆ కుర్రాడి భాష వాళ్లకు వినిపించింది. తెప్ప మీద అతను తన పక్కనున్న, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన మనిషిని పట్టిస్తాడా లేదా అన్న ఆపద వాళ్లకు కనిపించలేదు. ఆ నవలలో అంతకంటే పెద్ద ఆపద లేదు. నీతి కోసం వెతికి నీతినే పోగొట్టుకున్నారు. ఆపదను సరిగ్గా చదివి ఉంటే అది వాళ్లకే దొరికేది.

ఈ కాలపు నవలల దగ్గరికి వస్తే కొత్త పరీక్ష ఒకటి ఉంది. మొబైల్ ఫోన్. పాత సాహసాల్లో పిల్లలు తప్పిపోవడం సులువు. ఇప్పుడు తప్పిపోవాలంటే ముందు ఫోన్‌ను చంపాలి. నా దగ్గరికి వచ్చే కొత్త నవలల్లో మూడో అధ్యాయం నాటికి ఈ హత్య జరిగిపోతుంది. సిగ్నల్ లేదు, లేదా ఛార్జింగ్ అయిపోయింది, లేదా నీళ్లలో పడింది. ఒక్క వాక్యంలో. ఆ వాక్యం దగ్గర నేను పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకుంటాను. చాలాసార్లు ఆ గీతే నా తీర్పు అయిపోతుంది. తెలివైన రచయిత ఫోన్‌ను చంపడు, దాన్నే ఆపదలో భాగం చేస్తాడు. తొమ్మిది శాతం ఛార్జింగ్ మిగిలింది. దాంతో దీపం వెలిగించుకోవాలా, ఇంటికి ఒక సందేశం పంపాలా, మ్యాప్ చూడాలా? ముగ్గురు పిల్లలు మూడు మాటలంటారు. ఎవరి మాట నెగ్గిందన్నదాంట్లో వాళ్ల స్వభావాలు బయటపడతాయి. ఇలా రాసిన నవల దొరికితే, అందులో కాగితం నాసిరకమైనా, బొమ్మలు బాగాలేకపోయినా, నెత్తిన పెట్టుకుంటాను.

పెద్దవాళ్లను తప్పించడం కూడా ఇటువంటిదే. అమ్మానాన్నలు పక్కనుంటే సాహసం సాగదు. అందుకని చంపేస్తారు, ఊరు పంపిస్తారు, జబ్బు చేయిస్తారు. ట్రెజర్ ఐలాండ్‌లో జిమ్ తండ్రి కథ మొదట్లోనే కన్నుమూస్తాడు. అది సరే. కానీ తండ్రి పోయిన పిల్లవాడు మర్నాడే ఈలవేసుకుంటూ నిధి వేటకు బయల్దేరితే ఆ తండ్రి మనిషి కాదు, దారికి అడ్డమొచ్చిన కుర్చీ. జరిపేశారు. ఇది మనం సమీక్షల్లో రాయం. చదివే పిల్లల్లో నిజంగానే నాన్నను పోగొట్టుకున్నవాడు ఒకడుంటాడు. వాడు గమనిస్తాడు.

ఇక భయం. వెనక అట్ట మీద 8-12 అనో 12 పైన అనో అంకెలు వేస్తారు, మనం వాటిని సమీక్ష కింద అలాగే దించేస్తాం. ఆ అంకె చదువు కష్టాన్ని చెప్తోందా, భయాన్ని చెప్తోందా? రెండూ ఒకటి కావు. తొమ్మిదేళ్లకే లావుపాటి పుస్తకాలు నమిలేసే పిల్లలు ఉంటారు, వాళ్లకు చీకటి గుహ అంటే పడదు. పద్నాలుగేళ్లు వచ్చినా రెండు పేజీలు చదివితే అలిసిపోయేవాళ్లు ఉంటారు, వాళ్లకు చిన్నపిల్లల కథ ఇస్తే అవమానం. ఎన్నేళ్ల వాళ్లకు అన్నదాని బదులు, ఎటువంటి భయం ఉంది అని చెప్పండి. తరుముతారా, బంధిస్తారా, ఒంటరిగా వదిలేస్తారా, నమ్మినవాళ్లే మోసం చేస్తారా? దెబ్బ తగిలితే రక్తం వర్ణిస్తాడా, పక్కకు తప్పుకుంటాడా? పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న మీలో ఎందరు విన్నారో తెలియదు. "కుక్క చచ్చిపోతుందా?" మనుషులు ఎంతమంది పోయినా తట్టుకుంటారు. కుక్క సంగతి మాత్రం ముందే తెలియాలి.

ఇక్కడే ముగింపు చెప్పొచ్చా అన్న పేచీ వస్తుంది. కొత్త నవల అయితే చెప్పకూడదు, అందులో రెండో మాట లేదు. మొదటి మూడో వంతులో జరిగేది చెప్పండి. ఆపద ఏ జాతిదో చెప్పండి. బయటపడే దారి పిల్లల బుర్రలోంచి వచ్చిందో ఆకాశంలోంచి ఊడిపడిందో చెప్పండి, ఆ దారి ఏమిటో చెప్పకండి. ఇది కత్తి మీద సామే. అయితే "చివరికి ఏం జరిగిందో పుస్తకం చదివి తెలుసుకోండి" అన్న వాక్యంతో ఈ సాము తప్పించుకోవడం కుదరదు. నలభై ఏళ్ల కిందటి పుస్తకమో, వందేళ్ల కిందటిదో అయితే నాకు అంత పట్టింపు లేదు. కుక్క విషయంలో మాత్రం నియమం తిరగేస్తాను. అడిగినవాళ్లకు చెప్పేస్తాను.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన చోటికి వస్తాను. మనం ఎత్తుకుని మోసే పాత సాహస నవలల్లో చాలావాటిని రాసినవాళ్లు ఓడ మీద నిలబడి రాశారు. ఒడ్డున నిలబడ్డ జనం వాళ్లకు గుంపు. క్రూసో తాను ప్రాణం కాపాడిన మనిషి పేరు అడగడు. తానే ఫ్రైడే అని పెడతాడు, తనను "మాస్టర్" అని పిలవమని నేర్పుతాడు. ది కోరల్ ఐలాండ్‌లో దీవివాసులు మనుషుల్ని తింటుంటారు, మతం మారినవాళ్లు మాత్రం మంచివాళ్లు. అరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్ మన బుందేల్‌ఖండ్ అడవిలోకి వచ్చి సతి చితి మీది నుంచి ఒక యువతిని కాపాడుతుంది. ఆ కథలో మిగతా భారతీయులు ఎక్కువగా నేపథ్యమే. తెలుగులో ఈ పుస్తకం చదువుతున్న పిల్లవాడు ఆ పేజీలో ఎక్కడ నిలబడాలి? కథ అతన్ని ఓడ ఎక్కిస్తుంది, అద్దం ఒడ్డున నిలబెడుతుంది. ఈ పుస్తకాలు చదవొద్దని నేను చెప్పను, నేనే చదివిస్తాను. కానీ అనువాదం సమీక్షించేటప్పుడు ఈ మాట ఎత్తకుండా "ప్రపంచ ప్రసిద్ధ క్లాసిక్" అని దండం పెట్టి ముగించడం పిల్లవాణ్ని ఆ ఒడ్డున ఒంటరిగా వదిలేయడమే. క్రూసో పాత పుస్తకం కదా అంటారు. పాతదే. అయితే దీవి, ఆటవికులు, డప్పులు, మంట చుట్టూ నాట్యం, బందీగా పిల్లలు అన్న మూస కొత్త నవలల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. అడవిలో ఉండేవాళ్ల చేత ఇప్పటికీ క్రియలు లేని వాక్యాలు మాట్లాడిస్తున్నారు. దాన్ని మెచ్చుకుంటూ ఒక సమీక్ష నేనూ రాశాను. కత్తిరించి దాచుకోలేదు.

అనువాదాల మాట వచ్చింది కనుక. పుస్తకం సంక్షిప్తమా, పూర్తిదా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేని సమీక్షలు లెక్కలేనన్ని. మూడు వందల పేజీల నవలను అరవై పేజీలకు కుదిస్తే మిగిలేది సంఘటనల జాబితా. నిప్పు కోసం పదే పదే ఓడిపోవడం మొదట కత్తెరకు పోతుంది, "అతను నిప్పు చేశాడు" అన్న వాక్యం మిగులుతుంది. అప్పుడు సమీక్షకుడు "కథనం పొడిగా ఉంది" అని అసలు రచయితను తిడతాడు. ఇది మనకు మాత్రమే జరిగింది కాదు. సముద్రం అడుగున వెర్న్ నడిపిన నవలను 1870ల్లో ఇంగ్లీషులోకి తెచ్చిన మెర్సియర్ దాదాపు పావు వంతు కోసేశాడు. అమెరికాలోని నెబ్రాస్కాలో బ్యాడ్‌లాండ్స్ అనే చోటుంది. దాన్ని ఆయన "నచ్చని ప్రాంతం" అన్న అర్థం వచ్చేలా మార్చేశాడు. ఆ అనువాదమే చాలాకాలం చలామణీ అయి, వెర్న్‌కు సైన్సు సరిగ్గా రాదన్న చెడ్డపేరు తెచ్చిపెట్టింది. ఒకరి కత్తెరకు ఇంకొకరు మాటపడ్డారు. కాబట్టి అనువాదకుల పేరు రాయండి, ఎంత తగ్గించారో రాయండి. అట్ట మీద అనువాదకుల పేరు లేకపోతే లేదని రాయండి.

పేరు లేకపోవడం అంటే గుర్తొచ్చింది. చందమామలో 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ల తరబడి ధారావాహికలు రాశారు. పిల్లలు నెల నెలా ఎదురుచూసి చదివారు, పేజీ మీద రచయిత పేరు ఉండేది కాదు. పత్రికల్లో ఆ కథల మీద సరైన సమీక్ష ఆ రోజుల్లో ఎవరు రాశారు? పెద్దయ్యాక ఆ పిల్లలే వెతికి వెతికి ఆయన పేరు పట్టుకున్నారు. నెలకో భాగం చొప్పున రాసే కథకు కొస ఎక్కడ తెంపాలో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సీరియల్‌గా పుట్టిన నవలను ఒకే బిగిన చదివి, ప్రతి అధ్యాయం చివరా గండం వస్తోందని విసుక్కునే సమీక్షకులు ఈ సంగతి మరిచిపోతారు. ట్రెజర్ ఐలాండ్ కూడా 1881లో పిల్లల పత్రికలో సీరియల్‌గానే మొదలైంది.

ఆ నవలకు పటం కూడా కథే. స్టీవెన్‌సన్ ముందు సవతి కొడుకుతో కలిసి దీవి పటం గీశాడు, దాంట్లోంచి కథ పుట్టింది. ప్రచురణకర్తకు పంపిన పటం దారిలో పోయింది. అప్పుడాయన తన నవలే ముందు పెట్టుకుని, అందులోని దూరాలన్నీ చూసుకుంటూ పటాన్ని మళ్లీ గీయాల్సి వచ్చింది. మీ దగ్గరికి పటం ఉన్న నవల వస్తే దయచేసి ఒక్కసారి వేలు పెట్టి నడవండి. గుట్ట ఉత్తరాన ఉందని పటం అంటే, సూర్యుడు గుట్ట వెనక అస్తమించాడని మూడో పేజీ అంటే, పిల్లలు పట్టేస్తారు. మనమే ముందు పట్టుకుంటే మర్యాదగా ఉంటుంది.

ఆ దీవిలో ఆడవాళ్లు లేకపోవడం ఆ సవతి కొడుకు కోరిక. 1960లో స్కాట్ ఓడెల్ రాసిన ఐలాండ్ ఆఫ్ ది బ్లూ డాల్ఫిన్స్‌లో దీవి మీద ఒంటరిగా మిగిలినది ఆడపిల్ల. ఆడవాళ్లు ఆయుధం చేయకూడదని ఆమె తెగలో కట్టుబాటు. ఆకలి, అడవి కుక్కలు ఒక పక్క, ఆ కట్టుబాటు ఇంకో పక్క. ఆమె ఈటె చెక్కుతుంది. దానికి ఆధారం నిజంగా 1835 నుంచి 1853 దాకా శాన్ నికొలస్ దీవిలో ఒంటరిగా బతికిన ఒక స్త్రీ. ఈ పుస్తకాన్ని "ఆడపిల్లలకు స్ఫూర్తి" అని ఎవరైనా రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈటె ఎట్లా చేసిందో మగపిల్లలకూ కావాలి.

సంపాదకులకు ప్రత్యేకంగా రెండు మాటలు. పిల్లల నవలకు నూట యాభై పదాలు, అట్ట బొమ్మతో కలిపి, అంటే అందులో తెడ్డు పట్టదు. నెలకు పది పుస్తకాల పరిచయాలు వేసే బదులు రెండిటికి చోటివ్వండి. రెండోది, సమీక్షకుడికి పంపే ముందో, వెంటనేనో, ఆ వయసు పిల్లలు ఒకరిద్దరి చేత చదివించండి. వాళ్లను సమీక్ష రాయమనకండి, రాయమంటే వాళ్లూ "ఈ పుస్తకం నాకు చాలా నచ్చింది, ఇందులో మంచి నీతి ఉంది" అనే రాస్తారు. బళ్లో మనమే నేర్పాం. ఎక్కడ ఆగిపోయావు, ఎక్కడ పేజీలు దాటేశావు, ఎక్కడ నమ్మలేదు అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబులు సమీక్షకుడికి పంపండి. సమీక్షకుడు వాటితో ఏకీభవించనక్కరలేదు. చూసి ఉంటే చాలు.

మిత్రులైన సమీక్షకులకు మాత్రం ఒకే మాట. మనలో చాలామందికి రచయితలు తెలుసు, ఆవిష్కరణ సభలో పక్కపక్కన కూర్చున్నాం, మొహమాటం ఉంటుంది. తెడ్లు పోయాయని రాస్తే స్నేహం చెడుతుందని నేనూ భయపడ్డాను. మేనకోడలు అడిగాక ఆ నది నవల రచయితకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయ్యో, మొదటి ప్రతిలో వెదురు గడ ఉండేదండీ, పేజీలు ఎక్కువయ్యాయని ఆ ముక్క తీసేశాను" అన్నారు. రెండో ముద్రణలో వెదురు గడ వచ్చింది. పిల్లలు ఆ గడను ఒడ్డున ఎట్లా విరిచారో ఒక పేజీన్నర. పుస్తకం మొత్తంలో ఇప్పుడు అదే బాగుంది.

ఈ ఉత్తరం ఇక ఆపాలి. బల్ల మీద ఒక నవల ఉంది, ఎల్లుండికి సమీక్ష ఇవ్వాలి. తుపాను రాత్రి, వరద, పాత చెక్క పడవ. భాష బాగుంది. 112వ పేజీలో ఐదుగురు పిల్లలు పడవ ఎక్కారు. 118వ పేజీలో నలుగురు దిగారు. మధ్యలో ఎవరూ మునగలేదు, ఎవరూ ఏడవలేదు, ఎవరూ లెక్క పెట్టలేదు. ఆ ఐదోవాడి పేరు కూడా దొరికింది, ఎర్ర చొక్కా వేసుకున్నాడు, ఈత రాదని 40వ పేజీలో అన్నాడు. మూడోసారి మొదటి నుంచి చదువుతున్నాను.

ఇట్లు,
మీలో ఒక సమీక్షకురాలు